అడక్కుండా ఇచ్చిన కొసరు

ఆఫ్రికా దోమల నుంచి రెండు ప్రాణాలకు ముప్ఫై రూపాయలకే కాపలా కొన్న మనిషిని నేను. చెప్పిన ధర నలభై. పది తగ్గించాను. పైగా కొసరు కూడా వచ్చింది. మా టూరులో ఇంత చౌకగా కెన్యాకు తయారైనవాళ్ళు ఇంకొకరు లేరు. ఈ సంగతి విమానాశ్రయంలో కనీసం నలుగురికి చెప్పాను. వాళ్ళు నవ్వితే మెచ్చుకుంటున్నారనుకున్నాను.

మాది విజయవాడ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు. నేను నడక నేర్చింది గిన్నెల దొంతుల మధ్య, లెక్కలు నేర్చింది కాటా దగ్గర. అమ్మేటప్పుడు ఒకటి, కొనేటప్పుడు ఒకటి, నాన్న రెండు సూత్రాలు చెప్పేవాడు. మొదటిది: "అడిగిందే చూపించు. అడగనిది చెప్పి బేరం చెడగొట్టుకోకు." రెండోది: "కొసరు మనం పీక్కుని తీసుకోవాలి. అడక్కుండా వాడే ఇచ్చాడంటే అసలు సరుకు ఒకసారి తిరగేసి చూడు." పదమూడేళ్ళకే గల్లాపెట్టె దగ్గర కూర్చుని, అడుగు పలచన అని తెలిసిన డేగిసాని పెళ్ళివారికి నవ్వుతూ అంటగట్టినదాన్ని. వాళ్ళు బరువు అడిగారు, ధర అడిగారు. అడుగు సంగతి అడగలేదు. ఆ రోజు నాన్న నాకు గోలీసోడా కొనిపెట్టాడు.

ఇలాంటి నాకు దొరికిన భర్త ధర అడిగి, ఆ ధర ఇచ్చేసి, పైన థాంక్స్ కూడా చెప్పే మనిషి. హనుమాన్ జంక్షన్ దగ్గర రైతు కుటుంబం వాళ్ళది. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. కూరగాయల బండి దగ్గర ఆయన్ని నిలబెట్టి పక్కకు వెళ్ళానంటే, నేను తిరిగి వచ్చేసరికి బండివాడు వంకాయలు ఏరి మరీ పెడుతుంటాడు. అంత లాభం ఇచ్చే గిరాకీ వాడికి మళ్ళీ దొరకదు కదా.

ప్రయాణం ఆలోచన మా అన్నయ్యది. అన్నయ్య అంటే పెద్దమ్మ కొడుకు. ఒకే మేడలో కింద వాళ్ళు, పైన మేము. చిన్నప్పుడు బడికి వెళ్తుంటే తోపుడుబళ్ళ మధ్య నా మణికట్టు పట్టుకుని దాటించేవాడు. బడయ్యాక నాతోపాటు నాన్న దగ్గరే కొట్లో కూర్చునేవాడు. ఇప్పుడు వన్ టౌన్‌లోనే మందుల హోల్‌సేల్ వ్యాపారం. లాక్‌డౌన్ల భయం పోయి జనమంతా ప్రయాణాల మీద పడిన రోజుల్లో ఫోన్ చేశాడు.

"ఏమే, బావగారు రిటైరయ్యి ఇంట్లో కూర్చుని గోడలు చూస్తన్నాడంట కదా? మా వ్యాపారులమంతా కెన్యా వెళ్తన్నాం. ఆరు రోజులు. మీరూ రండి, సింహాలు చూపిత్తా."

ఆయన మొదట వద్దన్నారు. నేనే ఒప్పించాను. టూరువాడితో మనిషికి నాలుగు వేలు తగ్గింపించాను కూడా.

పచ్చజ్వరం, అదే ఎల్లో ఫీవర్, దాని టీకా తప్పనిసరి. అది ప్రభుత్వ కేంద్రంలోనే వేయించుకోవాలి, దాని రేటు గోడ మీద రాసి ఉంటుంది. అక్కడ నా ప్రతాపం చెల్లలేదు. ఆ టీకా మలేరియాను ఆపదని, దానికి వేరే మందు మింగాలని, డాక్టరును కలవమని అక్కడివాళ్ళే చెప్పారు. నేను నవ్వాను. మూడు కాలువల ఊళ్ళో పుట్టినదానికి మలేరియా గురించి చెప్పడమా? చిన్నప్పుడు ఆరోగ్యశాఖ మనిషి ఇంటికి వచ్చి వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క రాసుకుని, చేతిలో తెల్లటి చేదు బిళ్ళలు పెట్టి పోయేవాడు. అవి మింగితే ఒళ్ళంతా ఒకటే దురద. దోమల దగ్గర చదువంతా పూర్తిచేసి పట్టా పుచ్చుకున్నదాన్ననే నా నమ్మకం.

ఆయన మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందేనన్నారు. వెళ్ళాం. డాక్టరు ఓపికగా మూడు మందుల పేర్లు చీటీ మీద రాశాడు.

"మొదటిది రోజూ ఒకటమ్మా. వెళ్ళడానికి రెండ్రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక ఇంకో వారం వాడాలి. ఇబ్బందులు తక్కువ, ఖరీదు ఎక్కువ. రెండోది డాక్సీసైక్లిన్. అదీ రోజూ ఒకటే, బాగా చౌక. కాకపోతే ఎండకి ఒళ్ళు కందుద్ది, వచ్చాక నాలుగు వారాలు వాడాలి. మూడోది వారానికోసారి. అది నిద్ర చెడగొడుద్ది, సారు ఆ మధ్య నిద్రమాత్రలు వాడానన్నారు కాబట్టి ఆయనకి వద్దు. మీలాంటి చిన్న ట్రిప్పుకి మొదటిదే సుఖం."

"మొదటిది ఎంతవుద్దండీ?"

"బిళ్ళ రెండొందల పది దాకా ఉంటుంది. మనిషికి పదిహేను."

మావారు ఇంకా కళ్ళజోడు సర్దుకుంటుండగానే నా నోట్లో లెక్క తయారైంది. ఆరువేల మూడొందలు. రానే రాని జ్వరానికి!

"రెండోది చౌకన్నారు గానీ, వచ్చాక నాలుగు వారాలేంటండీ? పెళ్ళయిపోయి పందిరి పీకేశాక కూడా అద్దె కట్టమన్నట్టు."

డాక్టరు నవ్వాడు. "పురుగు ఒంట్లోకి వచ్చాక లివర్లో దాక్కుంటుందమ్మా. అది బయటికొచ్చేదాకా కాపలా ఉండాలి. పందిరి పీకినా చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారనుకోండి."

"ఇవి కాక మామూలువేమీ లేవాండీ?"

"ఈ మూడింట్లో ఏదో ఒకటి. ఇవి కాక ఇంకేదీ వద్దు."

డాక్టరు మామూలుగానే చెప్పి ఉంటాడు. నా చెవికి మాత్రం 'బేరము లేదు' అన్న బోర్డు చదివినట్టు వినిపించింది. ఆ బోర్డు ఉన్న కొట్లో నేను ఏదీ కొనను.

మెట్లు దిగుతూ మావారు అన్నారు, "రాసింది కొనుక్కుందాం."

"మీరు ఊరుకోండి. అన్నయ్య ఉండగా బయట కొంటే ఏం బాగుంటుంది?"

అన్నయ్య కొట్లో చీటీ చేతికిచ్చాను. చదివాడు. "మొదటిది ఖరీదే."

"తెలుసులే. అదే పని చేసేది తక్కువలో ఏదన్నా ఉంటే చూడు."

అన్నయ్య నా వంక ఒకసారి, చీటీ వంక ఒకసారి చూశాడు. లోపలికి వెళ్ళి రెండు స్ట్రిప్పులు తెచ్చి, చొక్కాచేత్తో తుడిచి బల్ల మీద పెట్టాడు. తెల్ల బిళ్ళలు. మా చిన్నప్పటివే. పాత స్నేహితురాలు కనబడినట్టనిపించింది.

"వెళ్ళే ముందు వారం తలా రెండు, అక్కడ తలా రెండు, వచ్చాక తలా రెండు. సరిపోద్ది."

"ఎంత?"

"నలభై ఇవ్వు."

"చెల్లెలి దగ్గరా? ముప్ఫై."

"నీతో వేగలేనే తల్లీ. ఇవ్వు."

చిల్లర తీసుకుని వెనక్కి తిరగబోతుంటే పిలిచాడు. "ఉండవే, ఇదీ తీసుకెళ్ళు," అని దోమలు కుట్టకుండా రాసుకునే క్రీము గొట్టం ఒకటి సంచిలో వేశాడు. దాని మీద ధర ఎనభై అయిదు. నేను అడగలేదు. ముప్ఫై రూపాయల సరుకు మీద ఎనభై అయిదు రూపాయల కొసరు! ఆటోలో కూర్చుని ఆ గొట్టాన్ని ఆయనకు చూపించి, "చూశారా, మనవాళ్ళంటే ఇదీ," అన్నాను. నాన్న చెప్పిన రెండో సూత్రం ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. అన్నయ్య దగ్గర సరుకు తిరగేసి చూడటమేమిటి?

కెన్యాలో మూడో రోజు. గడ్డిమైదానం అంచున గుడారాల విడిది. పొద్దున్నే జీపులో తిప్పుకొచ్చి, చెట్టు కింద బల్లలు వేసి టిఫిన్లు పెట్టారు. ఆ పొద్దున మేము సింహాన్ని చూశాం. జీపుకు ఇరవై అడుగుల దూరంలో పడుకుని ఉంది. ఆయన నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నారు. కాసేపటికి, "నువ్వు బలవంతపెట్టకపోతే ఇది చూడకుండానే పోయేవాణ్ణి," అన్నారు. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో నా గురించి ఆయన అన్న అతి పెద్ద మాట అది. టిఫిన్ తినీ తినకుండా, దూరంగా జిరాఫీలు కనబడుతున్నాయని దుర్భిణి తీసుకుని కంచె దగ్గరికి వెళ్ళారు.

బల్ల దగ్గర నేనూ వదినా మిగిలాం. వదిన చేతిసంచి తెరిచి ఒక స్ట్రిప్పు తీసింది. గులాబీరంగు బిళ్ళలు.

"పాలు చెప్పలేదా వదినా నువ్వు? ఈ బిళ్ళ పాలతో వేసుకుంటేనే ఒంటబడుద్దంట. మీ అన్నయ్య రోజూ గుర్తుచేత్తారు."

"ఏం బిళ్ళది?"

"అదేగా, మలేరియాది. మీరు వేసుకోట్లా?"

స్ట్రిప్పు అందుకుని తిరగేశాను. వెనకాల పేరు ఉంది. డాక్టరు చీటీ మీద మొదటి వరసలో రాసిన పేరే. సంచిలో ఉన్న క్రీము గొట్టం అప్పుడు గుర్తొచ్చింది. అడక్కుండా ఎందుకిచ్చాడో అర్థమైంది. మందు ఆపలేని జ్వరాన్ని కనీసం క్రీమైనా ఆపుతుందేమోనని! అన్నయ్య మనసు పీకి ఉంటుంది. ఆ పీకుడు ఖరీదు ఎనభై అయిదు రూపాయలు.

అన్నయ్య జీపు పక్కన నిలబడి ఫోన్లో ఫొటోలు చూసుకుంటున్నాడు. స్ట్రిప్పు చేత్తో పట్టుకునే వెళ్ళాను.

"అన్నయ్యా, మీరు వేసుకునేదేంటి? మాకిచ్చిందేంటి?"

ఏం మందు, ఏం మాట అని అడగలేదు. అక్కడే నాకు జవాబు దొరికింది.

"నీకిచ్చిందీ మలేరియా మందేగా."

"ఇక్కడ పనిచేస్తుందా?"

ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఇక్కడి మలేరియా దానికి లొంగదు. ఎప్పుడో మానేశారు ఇక్కడ."

"తెలిసే ఇచ్చావా?"

"కరోనాలో జనం ఎగబడితే పెట్టెలు పెట్టెలు తెప్పించా. అదేదో పనిచేయదని తేలాక ఒక్కడు అడగలా. డేటు దగ్గరపడుతోంది. నువ్వొచ్చి తక్కువలో కావాలన్నావు."

"అదే పని చేసేది అన్నాను!"

"తక్కువలో అన్నావు. నువ్వు రేటడిగావే, మందడగలా. ఖరీదుది ముందు పెట్టుంటే ఏం చేసేదానివి? మొన్న దగ్గుమందు మీద చెల్లెలి దగ్గర ఆరు రూపాయలు లాభం వేసుకున్నానని మన చుట్టాలందరికీ టాంటాం వేసింది ఎవరు? పిన్ని దినం భోజనాల దగ్గర కూడా అదే మాట. నా పెళ్ళాం తలెత్తుకోలేకపోయింది. ఇక నీకు ఏం చెప్పమంటావు?"

నేనే. దగ్గుమందు కథ నేను నవ్వు కోసం చెప్పాను. మా అమ్మ దినం నాడు కూడా విస్తళ్ళ దగ్గర అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడనే నా జ్ఞాపకం.

అతని మీద అరవడానికి నోరు తెరిచాను. నాన్న మొదటి సూత్రం అడ్డొచ్చింది. అడిగిందే చూపించు, అడగనిది చెప్పకు. మా ఇద్దరికీ చెవులు మెలేసి నేర్పింది ఒక్క మనిషే. డేగిసా కొన్న పెళ్ళివారు వారం తర్వాత వచ్చి అడిగి ఉంటే నేనూ ఇదే సమాధానం ఇచ్చేదాన్ని. అయితే వాళ్ళు నాకు ఏమీ కారు. నేను అతని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటినదాన్ని.

"సరే. అయిందేదో అయింది," అన్నాను. "వీటిల్లోంచి మీ బావగారొక్కరికి ఇవ్వు. నాకొద్దు."

అన్నయ్య నా చేతిలోంచి స్ట్రిప్పు తీసుకున్నాడు. "ఇద్దరికీ లెక్కపెట్టి తెచ్చుకున్నామే. వచ్చాక వారం దాకా వాడాలిగా. ఒకటి తగ్గినా కష్టం." దాన్ని చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. "క్రీము బాగా రాసుకోండి. ఏం కాదులే. అందరికీ వస్తుందా ఏంటి?"

పాత సరుకు అంటగట్టడం వ్యాపారం. ఏడ్చో తిట్టో దాన్ని మర్చిపోయేదాన్నే. ఆ గుండీ పెట్టుకోవడం మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోదు.

ఇంతవరకు అన్నయ్య చేసింది. ఇక నేను చేసింది.

ఆయన కంచె దగ్గర నుంచి వచ్చి, "ఏంటి, మొహం అలా ఉంది?" అన్నారు. "ఎండ," అన్నాను. ఆ రోజు నుంచి ఆయనకు క్రీము నేనే రాశాను, మెడకూ చెవుల వెనకా కూడా. ఆయన మురిసిపోయారు. తెల్ల బిళ్ళలు వేసుకోవాల్సిన రోజున తీసి చేతిలో పెట్టాను. ఆయన నీళ్ళతో మింగారు. పనికిరాదని తెలిసీ పెట్టాను. పెట్టకపోతే ఎందుకని అడుగుతారు. చెబితే "రాసింది కొనుక్కుందాం అన్నాను కదా" అనరు. ఆయన అనరు కాబట్టే చెప్పలేకపోయాను. ఆఖరి రోజు నైరోబీలో మా బస్సు ఒక మందుల షాపు ఎదురుగా పావుగంట ఆగింది. దిగితే ఏం కొంటున్నావని అడుగుతారు. దిగలేదు.

ఇంటికి వచ్చాక రోజూ ఏదో వంకన ఆయన నుదురు తాకి చూసేదాన్ని. పదకొండు రోజులు చల్లగానే ఉంది. పన్నెండో రోజు పొలం చూడటానికి హనుమాన్ జంక్షన్ వైపు వెళ్ళాం. గట్టు మీద నిలబడ్డ మనిషి ఒక్కసారిగా వణకడం మొదలుపెట్టారు. నడినెత్తిన ఎండ. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. జంక్షన్లో ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఈ మధ్య ఎక్కడికన్నా వెళ్ళొచ్చారాండీ?" డాక్టరు అడిగాడు.

"కెన్యా వెళ్ళాం," మావారే చెప్పారు, దుప్పట్లోంచి. "కానీ మలేరియా మందు వేసుకున్నామండీ. ఒక్కటి మానలేదు. మా ఆవిడ దగ్గరుండి వేయించింది."

డాక్టరు నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"అయితే వైరల్ అయ్యుంటుంది. ఊరంతా ఉంది. మూడు రోజులు చూద్దాం."

ఆ తల ఊపడానికి ఇంతవరకు సంజాయిషీ వెతుకుతూనే ఉన్నాను. వైరలే అయి ఉండొచ్చు కదా అనుకున్నాను. అందరికీ రాదు కదా అనుకున్నాను. అన్నయ్య మాటలే నా నోట్లో తిరిగాయి. విజయవాడ తీసుకొచ్చి రెండు రోజులు జ్వరం బిళ్ళలు వేశాను, గంజి పోశాను. జ్వరం దిగింది, మళ్ళీ ఎక్కింది. మూడో రోజు పొద్దున కాఫీ తీసుకెళ్తే, తన మంచం మీదే పడుకుని, "ఈ బస్సు నూజివీడు పోతుందాండీ?" అని నన్ను అడిగారు. అండీ అని కూడా అన్నారు. నేనెవరో తెలియలేదు.

ఆసుపత్రిలో స్ట్రెచరు తోస్తుండగానే చెప్పేశాను. "కెన్యా వెళ్ళొచ్చామండీ. వేసుకున్న మందు పనికిరానిది. అది నాకు అక్కడే తెలుసు. రెండు రోజుల క్రితం డాక్టరుగారికి కూడా చెప్పలేదు. మలేరియా చూడండి ముందు."

కేసు చూసిన డాక్టరమ్మ చిన్న వయసుది. రక్తపరీక్ష ఫలితం గంటలోపే వచ్చింది. మలేరియాలో మెదడు దాకా వెళ్ళే రకమట. ఐసీయూలో వేసి సిరలోకి మందు ఎక్కించారు. "మొదటి రోజే తెచ్చుంటే వార్డులోనే అయిపోయేదమ్మా," అంది ఆ అమ్మాయి. కసిరినట్టు కూడా అనలేదు.

నాలుగో రోజు అన్నయ్య వచ్చాడు. బత్తాయిల సంచితో ఐసీయూ బయట కుర్చీలో నా పక్కన కూర్చున్నాడు.

"బిల్లులో సగం నేను కడతానే."

"ఎంతలో సగం?" అని నా నోరు దానంతటదే అడిగింది. సిగ్గుతో చచ్చాను. తర్వాత అన్నాను, "అక్కడ ఒక్క మనిషికి బిళ్ళలు అడిగాను. అవి ఇవ్వనివాడివి, ఇది ఎలా ఇస్తావు అన్నయ్యా?"

"అప్పుడు తోచలేదే."

"జేబు గుండీ పెట్టుకోవడం తోచింది కదా."

బత్తాయిలు అక్కడే పెట్టి వెళ్ళాడు. ఇద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు. వదిన ఒకసారి ఫోన్ చేసి ఏడ్చింది. పాపం, ఆవిడకు ఏమీ తెలియదు.

వార్డులోకి మార్చాక ఆయనకు అంతా చెప్పాను. వన్ టౌన్ కొట్టు, నలభై, ముప్ఫై, క్రీము, గులాబీరంగు బిళ్ళలు, నైరోబీ మందుల షాపు. ఏదీ తగ్గించి చెప్పలేదు. ఆయన అంతా విని ఒకటే అడిగారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మూడో రోజు. టిఫిన్ల దగ్గర."

"సింహాన్ని చూసిన రోజు," అన్నారు. కిటికీ వైపు తిరిగి పడుకున్నారు.

డిశ్చార్జి రోజున బిల్లు ఇచ్చారు. రెండు లక్షల పద్నాలుగు వేలు. కౌంటరు దగ్గర తగ్గించమని అడగలేదు. నా జీవితంలో అదే మొదటిసారి. ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేశాను. డాక్టరు రాసిన మొదటి మందు కొని ఉంటే ఆరువేల మూడొందలు. రెండోది, నేను పందిరి అద్దె అని వెక్కిరించిన చౌకది, అడిగి కనుక్కున్నాను, ఇద్దరికీ కలిపి మూడొందలు. నేను కొన్నది ముప్ఫై. అంటే నేను మిగిల్చింది రెండొందల డెబ్భై రూపాయలు. అన్నయ్య వాటా ఆ పనికిరాని బిళ్ళలు, గుండీ పెట్టిన జేబు. వార్డులో అయిపోయే జబ్బును ఐసీయూ దాకా తీసుకెళ్ళిన రెండు రోజులు అన్నయ్య పద్దులోకి రావు. అవి పూర్తిగా నావి. ఇక బిల్లులో రాయనిది ఒకటుంది. ఇప్పుడు తలనొప్పి బిళ్ళ ఇచ్చినా సరే, మావారు కళ్ళజోడు పెట్టుకుని, స్ట్రిప్పు తిరగేసి, పేరు చదివి, తారీఖు చదివి, అప్పుడు మింగుతారు. నేను గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంటాను.